గాజులు తాకట్టులో ఉండగా పుట్టినరోజుకు ఇంకో అప్పా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మందుల హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తాను, జీతం 22 వేలు. నా భార్య జాకెట్లు కుట్టి నెలకు 4 వేల దాకా సంపాదిస్తుంది. ఇంటి ఖర్చు 20 వేలు. వచ్చే నెల మా పాపకు రెండేళ్లు నిండుతాయి. మొదటి పుట్టినరోజుకు వచ్చిన బొమ్మలతోనే మంచం కింద, బీరువా మీద చోటు లేకుండా పోయింది. ఉన్నవి రెండే గదులు. బావమరిది 12 వేలు పెట్టి బ్యాటరీ కారు కొనమంటున్నాడు, అత్తగారు బంగారు గొలుసు అంటున్నారు. తక్కువ ఖర్చులో, ఇల్లు నిండిపోకుండా, పాపకు గుర్తుండేలా ఏం ఇవ్వొచ్చు? హాలుకు, భోజనాలకు 38 వేలు అవుతుంది. ఫోన్లో ఒక యాప్ 28 శాతం వడ్డీకి, 18 నెలలకు 50 వేలు లోన్ ఇస్తానంటోంది. చదివింపుల్లో 15 వేలైనా వస్తాయి కాబట్టి ఇబ్బంది ఉండదనుకుంటున్నాను. బ్యాంకులో 7 వేలు ఉన్నాయి. పోయిన ఏడాది పాపకు నిమోనియా వచ్చి విశాఖ తీసుకెళ్లినప్పుడు నా భార్య గాజులు తాకట్టు పెట్టి 45 వేలు తెచ్చాం. అవి ఇంకా విడిపించలేదు.

జవాబు: బహుమతి గురించి తర్వాత మాట్లాడదాం. మీరు అన్నిటికంటే చివర రాసిన గాజుల సంగతి నా దృష్టిలో అన్నిటికంటే ముందు రావాలి. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తుంటాయి. పిల్లల పేరు మీద ఏం కొనాలి, ఏ స్కీములో వేయాలి అని వివరంగా అడుగుతారు. చేతిలో ఎంత ఉంది అన్నది మాత్రం ఆఖర్లో ఒక ముక్కలో తేల్చేస్తారు. మీ ఉత్తరాన్ని తీసుకున్నది అందుకే.

పాపకు జబ్బు చేసిన రోజు మిమ్మల్ని ఆదుకున్నవి ఏమిటి? ఆ గాజులు. అంటే మీ ఇంట్లో ఎమర్జెన్సీ ఫండ్ అని చెప్పుకోదగ్గది అదొక్కటే, అది కూడా ఇప్పుడు అప్పిచ్చినవాళ్ల లాకర్లో ఉంది. రేపు వానాకాలంలో పాపకు మళ్లీ జ్వరం వచ్చి, ఊపిరి ఆడక, అర్ధరాత్రి పాతపట్నం దాటి శ్రీకాకుళమో విశాఖో కారు కట్టించుకుని వెళ్లాల్సి వస్తే మీ దగ్గరున్నది 7 వేలు. తాకట్టు పెట్టడానికి ఇంకో జత గాజులు లేవు. అప్పుడు మళ్లీ ఆ యాప్ దగ్గరికే వెళ్తారు. అప్పటికే దానికి పుట్టినరోజు బాకీ ఉంటారు కాబట్టి అది కూడా ఇవ్వకపోవచ్చు.

ఇక ఆ లోన్ లెక్క. 50 వేలు, 28 శాతం, 18 నెలలు అంటే నెలకు సుమారు 3,435 రూపాయల ఈఎంఐ. మొత్తం కట్టేది 61,800. ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం అనుకుందాం, దానిమీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 1,770 ముందే కోసుకుని మీ ఖాతాలో 48,230 వేస్తారు. అంటే ఒక్క సాయంత్రం భోజనాలకు, ఒక ప్లాస్టిక్ కారుకు 13,500 అదనంగా కడతారు. ఆ డబ్బుతో ఇంకో బ్యాటరీ కారు వస్తుంది! డిజిటల్ లోన్లకు అన్ని ఛార్జీలూ కలిపిన వార్షిక రేటును, అంటే ఏపీఆర్‌ను, కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో చూపించాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. ఆ కాగితం ఒకసారి తెరిచి చూడండి. 28 కంటే పెద్ద అంకె కనపడుతుంది. నో కాస్ట్ ఈఎంఐ మీద కారు తీసుకుంటే వడ్డీ లేదు కదా అని మీ బావమరిది అనొచ్చు. లేని డబ్బుతో కొన్నది ఏదైనా అప్పే అని ఆయనకు చెప్పండి.

చదివింపుల మాట చదివి నాకు కాస్త కోపమే వచ్చింది. చదివింపులు ఆదాయం కాదండీ. ఎవరెంత చదివించారో మీ అత్తగారు పుస్తకంలో రాసి పెడతారు కదా? రేపు వాళ్లింట్లో బారసాలకో గృహప్రవేశానికో దానికి తగ్గకుండా మీరు పెట్టాలి. అంటే అది కూడా అప్పే, కాకపోతే వడ్డీ లేదు, గడువు తేదీ తెలియదు. దాన్ని నమ్ముకుని ఇంకో అప్పు చేయడం ఏమిటి?

మీ ఉత్తరంలో మంచి విషయం ఒకటుంది. ఈ లోన్‌తో ఇబ్బంది ఉండదన్నారంటే నెలకు 3,400 కట్టగలమని మీరే లెక్క వేసుకున్నారన్నమాట. సరే, కట్టండి, యాప్‌కు కాదు. వేరే ఒక సేవింగ్స్ ఖాతా తెరవండి. దానికి యూపీఐ పెట్టుకోవద్దు, ఏటీఎం కార్డు బీరువాలో పడేయండి. మొదటి మూడు నెలలు 3,400 చొప్పున అందులోకే వెళ్లాలి. ఇప్పుడున్న 7 వేలతో కలిపి 17 వేలు దాటుతుంది. రాత్రికి రాత్రి బయల్దేరడానికి, ఆసుపత్రిలో అడ్వాన్స్ కట్టడానికి అది సరిపోతుంది. నాలుగో నెల నుంచి సగం ఇందులో, సగం గాజుల అప్పు అసలులోకి. గాజులు ఇంటికొచ్చాక మొత్తం ఇందులోకే. మూడు నెలల ఖర్చు, అంటే 60 వేలు చేరేదాకా ఆపొద్దు. ఆ తర్వాత 1,20,000 దాకా పోనివ్వండి. మీది ప్రైవేటు ఉద్యోగం. షాపు యజమాని రేపు లెక్కలు కంప్యూటర్‌కు అప్పగిస్తే ఆరు నెలల ఖర్చు చేతిలో లేకుండా ఎలా? ఆ డబ్బును పాప పేరు మీద వేయొద్దు, షేర్లలో వేయొద్దు, బావమరిదికి చేబదులు ఇవ్వొద్దు.

తాకట్టు రశీదు మీద గడువు తేదీ ఈరోజే చూడండి. ఈ లోన్లు ఎక్కువగా ఏడాదికి ఇస్తారు. పోయిన ఏడాదిది అంటున్నారు కాబట్టి గడువు దగ్గర పడి ఉంటుంది, దాటిపోయి కూడా ఉండొచ్చు. వెళ్లి వడ్డీ కట్టి రెన్యువల్ అడగండి. అందుకు ఆ 7 వేలలోంచి కొంత తీయాల్సి వస్తే తీయండి, నోటీసులు వచ్చి వేలం దాకా పోనివ్వకండి.

ఆరోగ్య కార్డు సంగతి మీరు రాయలేదు. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్‌ను గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి అమలు చేస్తున్నారు. రేషన్ కార్డు ఉంటే మీ కుటుంబం పేరు అందులో ఉందేమో, పాప పేరు చేరిందో లేదో కనుక్కోండి. సరిహద్దు ఊళ్లవాళ్లు మర్చిపోయే విషయం ఇంకోటుంది: మీరు వైద్యానికి వెళ్లేది ఆంధ్రాకు. ఏ ఆసుపత్రిలో ఆ కార్డు చెల్లుతుందో ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఫోన్ చేసి తెలుసుకుని, ఆ పేర్లు గోడ మీద రాసి పెట్టుకోండి. కార్డు ఉన్నా కారు కిరాయి, బయట కొనే మందులు, పోయిన రోజుల జీతం చేతిలోంచే పోతాయి. అందుకే ఎటు తిరిగినా నేను ఆ ఫండ్ దగ్గరికే వస్తాను. మీ పేరు మీద ఒక టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బిచ్చే బీమా కూడా ఉండాలి, దాన్ని గాజులు విడిపించిన మరుసటి నెల తీసుకోండి.

ఇక పాపకు ఏమివ్వాలి? గొలుసు వద్దు, ఒకవైపు బంగారం తాకట్టులో పెట్టి మరోవైపు తరుగు, మజూరీ, జీఎస్టీ ఇచ్చి కొత్త బంగారం కొనడం ఏ లెక్కకూ నిలవదు. ఆడపిల్లల పొదుపు పథకం సుకన్య సమృద్ధి మంచిదే, 250 రూపాయలతో ఖాతా తెరిచి ప్రస్తుతానికి అక్కడితో ఆపండి, అందులో వేసింది పాప చదువుకు కూడా పదో తరగతి పాసయ్యేదాకో పద్దెనిమిదేళ్లు నిండేదాకో బయటికి రాదు.

రైలెక్కించండి. ఐదేళ్లలోపు పిల్లలకు విడిగా సీటు అడగకపోతే టికెట్ లేదు. గుణుపురం వైపో పలాస వైపో ప్యాసింజర్లో వెళ్లి సాయంత్రానికి వచ్చేయండి. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న బండి లైను అది, 2011లో బ్రాడ్‌గేజ్ అయింది. మా తరం ఆ చిన్న బండిని ఇప్పటికీ తలుచుకుంటుంది. పాపకు అదేమీ అక్కర్లేదు, కిటికీ పక్కన కూర్చోబెడితే చాలు. ఇంటికి తెచ్చుకోవాల్సిన వస్తువు ఒక్కటీ ఉండదు. గుర్తుండేలా అన్నారు కదా, రెండేళ్లప్పటివి ఆమెకు ఏమీ గుర్తుండవు, ఫొటో ఉంటుంది.

చేతిలో పెట్టడానికి ఏదైనా ఉండాలంటే ఒక్క తెలుగు బొమ్మల పుస్తకం. రేపు బడిలో ఒడియా ఎలాగూ వస్తుంది. లేకపోతే ఒక్క ఏటికొప్పాక లక్కబొమ్మ, నోట్లో పట్టనంత పెద్దది. ఫ్యాక్టరీలో చేసిన బొమ్మ ఏది కొన్నా ఐఎస్‌ఐ మార్కు చూడండి, 2021 జనవరి నుంచి అది తప్పనిసరి. గుండీ బ్యాటరీలున్నవి ఆ వయసు పిల్లల దగ్గరకు రానివ్వకండి, మింగితే ప్రాణం మీదికి వస్తుంది. చుట్టాల్లో ఎవరైనా ట్యాబ్ కొనిస్తామంటే వద్దనండి. ఈ వయసుకు స్క్రీన్ రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మంచం కింద ఉన్న బొమ్మల్లో సగం మూటకట్టి అటక మీద పెట్టి, రెండు నెలల తర్వాత దించండి. పాపకు అవన్నీ కొత్తవే.

పండగ ఇంట్లోనే చేయండి. దగ్గరి చుట్టాలు పది పదిహేను మంది, పరమాన్నం, పులిహోర, చిన్న కేకు. 3 వేలు దాటనివ్వకండి, అది కూడా ఈ నెల జీతంలోంచే. బొమ్మలు తేవద్దని ముందే ఫోన్ చేసి చెప్పండి. మొహమాటపడి కవరు చేతిలో పెడితే తీసుకుని, అత్తగారి పుస్తకంలో రాయించి, ఆ కొత్త ఖాతాలో వేయండి.

హాలుకు ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చి ఉంటే తిరిగి అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి.