కాటా దగ్గర నిలబడు

ఒరేయ్ చిన్నోడా,

కోల్డ్ స్టోరేజీలో నిన్ను మేనేజర్‌ని చేశారని మీ అమ్మ చెప్పినప్పుడు చాలా సంతోషించాను. ఆ మర్నాడు నువ్వు ఫోన్ చేసి, "మామయ్యా, నాకంటే పెద్దవాళ్లు నా కింద పనిచేస్తున్నారు, టెన్షన్‌గా ఉంది" అన్నావు చూడు, ఆ మాట ఇంకా నచ్చింది. అప్పటికప్పుడు సరైన జవాబు తోచలేదు. అందుకే ఈ ఉత్తరం.

గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశాను. నాకు పని నేర్పింది ఒక తప్పు. మార్చిలో యార్డు సంగతి నీకు తెలుసుగా, చిలకలూరిపేట రోడ్డు పొడుగునా బండ్లే, లోపల కాలు పెట్టే సందు ఉండదు. అలాంటి ఒక రోజు మాచర్ల వైపు నుంచి వచ్చిన ముసలి రైతు తేజ రకం మిరపకాయలు కాటా వేస్తున్నాం. పదేసి టిక్కీల, అంటే మిర్చి బస్తాల, తూకాలు ఒక్కో వరుసగా రాసేవాళ్లం. కూడేటప్పుడు నేను ఒక వరుస వదిలేసి, 36 టిక్కీలని చీటీ రాశాను. బస్తాలు మోసే హమాలీల ముఠాలో ఒక కుర్రాడు, "గుమాస్తా గారూ, నలభై ఆరు మోశామండీ" అన్నాడు. "నీ పని నువ్వు చూసుకో" అని అందరి ముందూ కసిరాను. వాడు తలగుడ్డ సర్దుకుని వెళ్లిపోయాడు.

రాత్రి సరుకు లెక్క చూస్తే పది టిక్కీలు ఎక్కువున్నాయి. అంటే నాలుగు క్వింటాళ్ల పైమాటే. నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే మాచర్ల రైలెక్కి ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్లాను. ఆ పెద్దాయన కండువా కొసన కట్టిన ముడి విప్పి చీటీ తీశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. "ఇంటి దగ్గర నేనే లెక్క తప్పానేమో అనుకున్నానయ్యా" అన్నాడు. తిట్టి ఉంటే ఇంత కాలం గుర్తుండేది కాదేమో. మన చేతిలో పుస్తకం ఉందంటే అవతలివాడు తన కళ్లనే నమ్మడం మానేస్తాడురా. అది నాకు భయం పుట్టించింది.

యార్డుకు వచ్చి, ఏ ముఠా ముందు కసిరానో ఆ ముఠా ముందే కుర్రాడికి క్షమాపణ చెప్పాను. చాటుగా చెబితే లాభం లేదు. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా వాడు ప్రతి లోడుకీ లెక్క చెప్పే వెళ్లేవాడు.

కాబట్టి మొదటి నెల ఏసీ గదిలో కూర్చోకు. సరుకు దిగే చోట నిలబడు. బస్తా భుజాన పడగానే చెమ్మ ఉందో లేదో పాత హమాలీలకు తెలిసిపోతుంది. ఎండిన కాయ చేత్తో పట్టి ఆడిస్తే లోపల గింజ గలగలమంటుంది, చెమ్మ కాయ మెత్తగా ఒంగుతుంది. చెమ్మ సరుకు లోపలికి పోతే నాలుగు నెలలకి బూజు పడుతుంది. రైతు ముఖం చూసి జాలిపడి "పర్లేదులే" అనకు. మళ్లీ ఆరబెట్టుకు రమ్మని ఆ రోజే, మర్యాదగా చెప్పు. ఆరబోసుకోవడానికి చోటు చూపించు. కొందరు కోపగించుకుంటారు, పడాలి. ఎవరైనా లెక్క తేడా అంటే, తప్పు ఎవరిదని అడగకుండా "మళ్లీ లెక్కపెడదాం పదండి" అను.

కూలి డబ్బు ఏ రోజుది ఆ రోజే. దీని మీద ఇక చెప్పేదేం లేదు.

ఇల్లు జాగ్రత్త. మిర్చి ఘాటు బట్టలకీ వేళ్లకీ పట్టుకుని ఉంటుంది. స్నానం చేయకుండా పాపను ఎత్తుకోకు. నేనొకసారి మీ బావను అలా ఎత్తుకుంటే కళ్లు మండి రాత్రంతా ఏడ్చాడు. స్నానం చేశాక ఫోన్ పక్కన పెట్టు, అది మోగుతూనే ఉంటుంది. పాప నిద్రపోయాక చేయొచ్చు.

ఇంకొకటి. మొన్న మీ గోడౌన్ చూశాను. చలి గదిలోంచి బస్తాతో వచ్చిన మనిషి తిన్నగా ఎండలోకి పడుతున్నాడు. మే నెలలో ఆ తేడాకి ఎంతటివాడికైనా కళ్లు తిరుగుతాయి. గుమ్మం ముందు రేకుల పందిరి వేయించి, పక్కన మంచినీళ్ల కుండ పెట్టించమని మీ ఓనర్ గారిని అడుగు. వెంటనే ఒప్పుకోకపోతే రెండోసారి అడుగు. రేకులు పడ్డాక ఫోన్ చేయి, వచ్చి చూస్తాను.

నీ మామయ్య