అమ్మకు బంగారం, సేటుకు మిత్తి

ప్రశ్న: అక్కా, మాది ములుగు జిల్లాల చిన్న ఊరు. సొంతం ఎకరం ఉంది, నాలుగెకరాలు కౌలుకు పట్టి పత్తి పెట్టిన. మూడేండ్ల కింద మా పెద్దోడికి పాణం బాగలేకుంటె, నయమైతె నిలువెత్తు బంగారం ఇస్తనని సమ్మక్క తల్లికి మొక్కుకున్న. నయమైంది. పోయిన జాతరకు పైసలు లేక పోలేదు, వచ్చే జాతరకు చూద్దామనుకున్న. ఈ వానకాలం వాగు పొంగి మూడెకరాలు మునిగింది. మిగిలినదానికి గులాబీ పురుగు తగిలింది. మొక్కు తీర్చకపోతేనే ఇట్లయిందని మా ఇంటామె, మా అత్తమ్మ అంటున్నరు. నూటికి మూడు రూపాయల మిత్తికి 20,000 తెచ్చి మేడారం పోదామంటున్నరు. నాకేమో దేవుడి ముందర చేతులు జోడించబుద్ధి అయితలేదు. పిల్లగాన్ని బతికించిన తల్లే చేను ముంచుతదా? నా భక్తి పోయినట్టేనా?
– ఓ కౌలు రైతు

జవాబు: తమ్ముడూ, ముందు లెక్క చూద్దాం, భక్తి సంగతి తర్వాత.

20,000కు నూటికి మూడంటే నెలకు 600. జాతర రెండేళ్లకోసారి. ఈ జాతరకు అప్పు తెస్తే ఆపై జాతర నాటికి మిత్తే 14,400 అవుతుంది, అసలు అట్లనే ఉంటుంది. సగం పైగా మునిగిన పత్తి మీద ఇంత బరువు ఎక్కించుకుంటారా?

అసలు మీరు మొక్కింది ఏమిటో కూడా ఒకసారి గుర్తు చేసుకోండి. నిలువెత్తు బంగారం, అంటే పిల్లాడి బరువుకు సరితూగే బెల్లం. వాడు ముప్పై కిలోలున్నా నలభై కిలోలున్నా ఆ బెల్లానికి ఇరవై వేలు కావు, రెండు మూడు వేలతో అయిపోతుంది. మిగతాది యాట, కోళ్లు, డీసీఎం వ్యాను కిరాయి, మందు, చుట్టాల భోజనాలు. ఇవి మీరు తల్లికి మొక్కినవి కావు. ‘జాతరకు పోతున్నవంట, మమ్ముల పిలువవా’ అనే బంధువులకు భయపడి పెట్టుకునే ఖర్చు. దాన్ని సమ్మక్క ఖాతాలో రాయకండి.

ఇక తల్లి కోపం. మేడారం కథ మీ జిల్లావాళ్లకు నేను చెప్పేదేముంది, అయినా ఒక్క ముక్క మళ్లీ చెప్పుకుందాం. వరుస కరువులతో కోయ పల్లెలు కప్పం కట్టలేకపోయాయి. కట్టలేమన్నందుకు కాకతీయ సైన్యం వచ్చి పడింది. సమ్మక్క భర్త పగిడిద్దరాజు, కూతుళ్లు సారలమ్మ, నాగులమ్మ ఆ పోరులోనే పోయారు. కొడుకు జంపన్న దూకిన సంపెంగ వాగు జంపన్న వాగైంది. సమ్మక్క గాయాలతో చిలకలగుట్ట వైపు నడిచి మాయమైంది, వెతికినవాళ్లకు కుంకుమ భరిణె దొరికింది. పంట పండక బాకీ కట్టలేనివాళ్ల పక్షాన నిలబడి ప్రాణమిచ్చిన తల్లి ఆమె. ఆ తల్లే బెల్లం బాకీ వసూలు చేసుకోవడానికి మీ చేను మీదికి వాగును పంపిందంటే నేను నమ్మను. మీ గట్టు పక్క చేను కూడా మునిగే ఉంటుంది. ఆ రైతు పోయిన జాతరలో మొక్కు తీర్చుకొని వచ్చాడా లేదా కనుక్కోండి.

మీ ఇంటామె మీద మాత్రం కోపం తెచ్చుకోకండి. ఆమె మాటలో మూర్ఖత్వం లేదు, భయం ఉంది. తప్పు మొక్కుదైతే దానికి విరుగుడుంది: మొక్కు తీరిస్తే సరి. తప్పు వాగుదైతే ఆమె చేతిలో ఏముంది? వచ్చే ఏడు మళ్లీ పొంగదని ఎవరు చెప్పగలరు? అందుకే మనిషి తప్పు తన మీదైనా వేసుకుంటాడు గానీ, ఏ కారణమూ లేకుండా చేను పోయిందంటే తట్టుకోలేడు. ఆమెకు చేతికో పని ఇవ్వండి. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి ముడుపు కట్టి, చేతిలో డబ్బు ఆడినప్పుడు వస్తామని చెప్పుకోమనండి. మన పెద్దలు కష్టకాలంలో చేసిందిదే. పెద్ద జాతరే కానక్కర్లేదు. మధ్య ఏడాది మాఘంలో మినీ జాతర ఉంటుంది, మామూలు రోజుల్లోనూ గద్దెల దగ్గరికి జనం పోతూనే ఉంటారు. ఆర్టీసీ బస్సులో మీ ముగ్గురూ, ఒక బస్తా బెల్లం. చాలు.

ఇంకో మాట. మీ ఉత్తరంలో దేవుడి మీద వేసిన నిందలో కొంత మనుషులకు చెందాల్సింది ఉంది. 2018లో సర్కారు పెట్టుబడి సాయం రైతుబంధు మొదలైనప్పుడు ఆ డబ్బు పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాళ్లకే వచ్చింది, దుక్కి దున్నిన కౌలుదారుకు రాలేదు. విత్తనం మీది, మందు మీది, మునక మీది, కాగితం మాత్రం ఆసామిది. ఈ ఏర్పాటు చేసింది సమ్మక్క కాదు. కాబట్టి మేడారం కంటే ముందు ఆసామి ఇంటికి పోండి. మునిగిన మూడెకరాల్లో కౌలు ఎంత తగ్గిస్తాడో అడగండి. సిగ్గుపడకండి, చేను పోయింది మీ ఒళ్లు వంగక కాదు. ఏఈవోను, అంటే వ్యవసాయ విస్తరణ అధికారిని, చేను దగ్గరికి తీసుకుపోయి నష్టం రాయించేటప్పుడు, సాగు చేస్తున్నది మీరేనని కూడా రాయించండి. పరిహారం వచ్చినా రాకపోయినా, రేపు ఎవరైనా అడిగితే మీ పేరున ఒక కాగితం ఉంటుంది.

ఇప్పుడు చేతులు జోడించబుద్ధి కాని సంగతి. మా నాయిన వర్షాధారం రైతు. వాన మొఖం చాటేసిన ఏడు ఆయన హనుమాండ్ల గుడి ముందు నిలబడి దేవుణ్ని తిట్టే తిట్లకు మా అమ్మ చెవులు మూసుకునేది. ఏరువాకకు అదే మనిషి నాగలికి పసుపు పూసి, అదే దేవుడికి కొబ్బరికాయ కొట్టేవాడు. చిన్నప్పుడు నాకు ఇదేం భక్తి అనిపించేది. లేనివాణ్ని ఎవరూ అంత గట్టిగా తిట్టరని ఆ తర్వాత తెలిసింది.

మీ జిల్లాకు అంత దూరం కాని బమ్మెరలో పోతన ఉన్నాడు. పొలం దున్నుకొని బతికాడని మనం చెప్పుకునే కవి. ఆయన గజేంద్రుడు మొసలి నోట్లో కాలు చిక్కుకొని ఏమన్నాడు? ‘కలఁడు కలండనెడివాఁడు కలఁడో లేఁడో’ అన్నాడు. ఉన్నాడు ఉన్నాడంటారే, ఉన్నాడో లేడో అని. మన భాషలో ఇంటింటా చదువుకున్న ప్రార్థన మధ్యలో ఆ అనుమానం ఉంది, దాన్ని పాపమని ఎవరూ కొట్టేయలేదు. అయితే గజేంద్రుణ్ని కాపాడటానికి విష్ణువు పరుగెత్తి వచ్చాడు. మీ చేను దగ్గరికి ఎవరూ రాలేదు. ‘నమ్ముకో, వస్తాడు’ అని ఆ కథ చెప్పి మిమ్మల్ని ఊరుకోబెడితే అది మోసమే అవుతుంది. నేను చెప్పేది ఇంతే: చేతులు జోడించబుద్ధి కాకపోతే జోడించకండి. కొన్నాళ్లు అలిగి ఉండండి. అలిగినవాడికి భక్తి పోయిందని ఎవరన్నారు? పెద్దోణ్ని బతికించిందన్న మాట మీ ఉత్తరంలో మీరే రాశారు, నేను గుర్తు చేయలేదు.

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ చదువుతున్నాను. మాది అనంతపురం జిల్లా, వేరుశనగ రైతులం. రెండు బోర్లు వేయించినా నీళ్లు పడలేదు. అప్పటినుంచి మా నాన్న పొద్దస్తమానం ఆంజనేయస్వామి గుడిలోనే ఉంటున్నాడు. అన్నం సరిగా తినడు, రాత్రిళ్లు పడుకోడు. అడిగితే ‘ఇంక అంతా ఆయనే చూసుకుంటాడు’ అంటాడు. మొన్న పాసుపుస్తకం, బ్యాంకు కాగితాలు తెచ్చి మా అన్న చేతిలో పెట్టాడు. భక్తి పెరిగిందని ఊళ్లో మెచ్చుకుంటున్నారు. నాకు మాత్రం భయంగా ఉంది.
– పేరు రాయొద్దు

జవాబు: అమ్మాయీ, నీ భయమే నిజమనుకో. ఊరి మెప్పును పక్కన పెట్టు. నమ్మకం కుదిరిన మనిషి అన్నం తింటాడు, నిద్రపోతాడు, వచ్చే పంటకు విత్తనకాయలు ఎక్కడ తేవాలో ఆలోచిస్తాడు. తిండి, నిద్ర మాని, కాగితాలు పంచిపెట్టే మనిషి మాట వేరు.

ఇది చదివిన వెంటనే ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ తీయించు. పశువుల కొట్టంలోవీ, చేలో దాచినవీ వదలొద్దు. ఎవరింట్లోనైనా తాళం వేసి పెట్టించు. తర్వాత నాన్న పక్కన కూర్చుని సూటిగా అడుగు: ‘నాన్నా, చచ్చిపోవాలని ఏమైనా అనిపిస్తోందా?’ అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని చాలామంది భయపడతారు. పుట్టదు. చాలాసార్లు మనిషి మొదటిసారి నోరు విప్పేది అప్పుడే. అవునన్నా, జవాబు చెప్పకుండా ఏడ్చినా, ఆయన్ని ఒంటరిగా వదలకుండా అన్నను తోడు పెట్టుకొని ఆసుపత్రికి తీసుకెళ్లు. 14416కు ఫోన్ చెయ్. టెలీ మానస్ అంటారు, 2022లో మొదలైంది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. నాన్న మాట్లాడనంటే ముందు నువ్వు మాట్లాడు.

గుడి మాత్రం మాన్పించొద్దు. ఆయనకు ఇప్పుడు మిగిలిన చోటు అదొక్కటే. పూజారికి విషయం చెప్పి, నాన్న ఎక్కువసేపు ఒంటరిగా కూర్చుంటే కబురు చేయమను. మధ్యాహ్నం అన్నం క్యారియర్ అక్కడికే తీసుకెళ్లి ఇద్దరూ తినండి. బోర్ల అప్పు ఎంతుందో, ఎవరికి ఎంత ఇవ్వాలో నువ్వూ అన్నా కలిసి ఒక నోటు పుస్తకంలో రాయండి. ఆ లెక్క ఇప్పటిదాకా ఆయన బుర్రలోనే ఉంది. జరిగింది ఏమిటో నాకు మళ్లీ రాయి, కానీ నా జవాబు కోసం ఆగొద్దు. పత్రిక అచ్చయ్యేసరికి చాలా రోజులు పడుతుంది.