అప్పులు తీరాయి, భయం తీరలేదు

ప్రశ్న: నా వయసు 43. చిన్నప్పుడు ఫీజు కట్టలేక క్లాసు బయట నిలబడ్డదాన్ని. ఇప్పుడు నేనూ మావారూ ఉద్యోగాలు చేస్తున్నాం. పోయినేడాదితో ఇంటి లోను సహా అప్పులన్నీ తీరాయి. నెలనెలా కొంత మిగులుతోంది కూడా. అయినా పడుకునే ముందు ఫోన్‌లో బ్యాంకు బ్యాలెన్స్ చూసుకోనిదే నిద్ర పట్టదు. ఈమధ్య మా తమ్ముడికి ఉద్యోగం పోయింది. ఇద్దరు పిల్లలు. అందరం కలిసినప్పుడు కవర్లో కొంత డబ్బు పెట్టి చేతికిచ్చాను. తీసుకున్నాడు గానీ అప్పటి నుంచి నా ఫోన్ ఎత్తడం లేదు. మావారేమో ‘మొదలుపెట్టావంటే ఇక అంతుండదు’ అంటున్నారు. ఉన్నందుకు సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియడం లేదు.

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. కష్టపడి అప్పులన్నీ తీర్చుకున్నారు. ఆ సంతోషం మీకు న్యాయంగా దక్కాల్సింది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మీరు సిగ్గుపడి ముడుచుకుపోయినంత మాత్రాన తమ్ముడి ఇంట్లో కష్టం రవ్వంతైనా తగ్గదు.

రోజూ బ్యాలెన్స్ చూసుకోవడం పిసినారితనం అని మీరు భయపడుతున్నట్టున్నారు. కాదు. ఏళ్ల తరబడి లెక్కపెట్టుకుంటూ బతికిన మనసు, అవసరం తీరాక కూడా లెక్కపెడుతూనే ఉంటుంది. దానికి ‘ఇక చాలు’ అని ఎవరూ చెప్పలేదు. అది చెప్పాల్సింది మీరూ మీవారూ కలిసి. ఒక కాగితం తీసుకుని ఇంటి ఖర్చు, పిల్లలుంటే వాళ్ల చదువులు, వైద్య బీమా, ఉద్యోగం పోయినా ఆరు నెలలు గడిచేంత నిల్వ, అన్నీ రాయండి. ఇవి పోగా మిగిలినదాంట్లో ఇతరులకు ఇంత అని ముందే విడిగా తీసి పెట్టండి. ‘అంతుండదు’ అన్న మీవారి మాటను కొట్టిపారేయకండి. ఆయన భయానికీ కారణం ఉంది. ఆ అంతు ఎక్కడో ఇద్దరూ కలిసి గీసుకుంటే ఆయన టెన్షన్ కూడా తగ్గుతుంది. తమ్ముడికి ఇచ్చేది ఇచ్చేసినట్టే అనుకోండి, అప్పుగా రాసుకోకండి. ఎవరి లోనుకైనా హామీ సంతకం మాత్రం ఆలోచించకుండా పెట్టొద్దు. వాళ్లు కట్టకపోతే మీరు కట్టాలి.

ఇతరుల కోసం తీసి పెట్టిన మొత్తం చిన్నదైపోయిందని బాధపడకండి. మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ డన్, ఆమె సహచరులు 2008లో ఒక ప్రయోగం ప్రచురించారు. పొద్దున కొందరికి 5 డాలర్లు, కొందరికి 20 డాలర్లు ఇచ్చి, సాయంత్రంలోగా కొందరిని తమ కోసం, కొందరిని ఇతరుల కోసం ఖర్చు పెట్టమన్నారు. సాయంత్రానికి ఇతరుల కోసం ఖర్చు పెట్టినవాళ్లే ఎక్కువ సంతోషంగా ఉన్నారు. చేతిలో 5 ఉన్నా 20 ఉన్నా తేడా కనిపించలేదు.

ఇక తమ్ముడి సంగతి. అసలు ముడి ఇక్కడే ఉంది. మీరు ప్రేమతోనే ఇచ్చారు, అందులో నాకే సందేహమూ లేదు. కానీ అందరి ముందు ఇచ్చారు. ఉద్యోగం పోయిన మనిషికి నలుగురి కళ్లు తన చేతిలోని కవరు మీద పడటం ఎలా ఉంటుందో ఊహించండి. ఫీజు కోసం క్లాసు బయట నిలబడ్డప్పుడు మీకు ఎక్కువ బాధ కలిగించింది డబ్బు లేకపోవడమా, లోపలి నుంచి అందరూ చూడటమా?

నా పదో తరగతి పరీక్ష ఫీజు మా లెక్కల టీచర్ కట్టారు. ఆఖరి రోజు సాయంత్రం రసీదును నాలుగు మడతలు పెట్టి, దిద్దిన నా నోట్‌బుక్‌లో ఉంచి ఇచ్చారు. ‘మూడో లెక్క తప్పు, మళ్లీ చెయ్యి’ అన్నారు, అంతే. క్లాసులో ఎవరికీ తెలియలేదు. ఇప్పటికీ ఆమెను తలచుకుంటే కళ్లు చెమరుస్తాయి గానీ తల వంగదు. మీ తమ్ముడికి మీరు అలా ఇవ్వగలరు. పిల్లల ఫీజు నేరుగా కట్టొచ్చు. అతనికి తగిన ఉద్యోగం గురించి మీకు తెలిసినవాళ్లతో మాట్లాడొచ్చు. ఏది చేసినా అతన్ని అడిగాకే చేయండి. ఆ తర్వాత దాని గురించి ఇంట్లో గానీ, చుట్టాల్లో గానీ ఎత్తకండి.

రాత్రిపూట బ్యాలెన్స్ చూసే అలవాటు ఒక్కసారిగా పోదు. వారానికి ఒక్క రాత్రితో మొదలుపెట్టండి. ఆ రాత్రి ఫోన్ పక్కన పెట్టి, మీ దాకా వచ్చిన మంచి నాలుగైదు రాసుకోండి. మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెకల్లఫ్ 2003లో ప్రచురించిన పరిశోధనలో, వారానికోసారి ఇలా రాసుకున్నవాళ్లు తమ చిరాకులు రాసుకున్నవాళ్ల కన్నా జీవితం మీద ఎక్కువ తృప్తి చూపారు. మీరు రాసేటప్పుడు డబ్బుతో పాటు మనుషుల్ని కూడా రాయండి. మీ కష్టకాలంలో చేయి అందించినవాళ్లు ఒకరిద్దరైనా గుర్తొస్తారు.

తమ్ముడికి ఇంకోసారి ఫోన్ చేయండి. ఎత్తితే, ‘ఆ రోజు అందరి ముందు అలా ఇవ్వకుండా ఉండాల్సిందిరా, నాదే తప్పు’ అని చెప్పండి. ఎత్తకపోతే చిన్న మెసేజ్ పెట్టండి. అందులో డబ్బు మాట రానివ్వకండి. పిల్లలు ఎలా ఉన్నారో అడగండి.