23 డిజైన్ ప్యాటర్న్‌లు బట్టీ పట్టాలా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. హనుమకొండలో బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. జావా వచ్చు, జావాస్క్రిప్ట్ కొంచెం. నాన్న ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. ఆయన కోసం తక్‌పట్టీ, అంటే సరుకు అమ్మిన రైతుకు ఇచ్చే లెక్క చీటీ, రాసే చిన్న వెబ్ యాప్ చేస్తున్నాను. పత్తి, మిర్చి, మక్కలకు లెక్కలు వేరే కాబట్టి లెక్క వేసే ఫంక్షన్ ఇఫ్-ఎల్స్‌లతో చాంతాడంత అయింది, మిర్చి దగ్గరైతే మరీ మెలికలు. డిజైన్ ప్యాటర్న్‌లు రాకపోతే ఇంటర్వ్యూలో నిలబడలేమని సీనియర్లు అంటున్నారు. ఒక కోచింగ్ సెంటర్ 23 ప్యాటర్న్‌లూ రెండు నెలల్లో నేర్పిస్తామంటోంది, ఫీజు పద్దెనిమిది వేలు. నాన్న అప్పు చేసైనా కడతానంటున్నారు. చేరమంటారా?

జవాబు: చేరొద్దు చెల్లె. నాన్న అప్పు కోసం ఎవరి గడపా తొక్కక ముందే, ఈరోజే ఆయనకు ఈ మాట చెప్పు. ప్యాటర్న్‌లంటే ప్రోగ్రాములు రాసేటప్పుడు పదేపదే ఎదురయ్యే చిక్కులకు పేరు పెట్టిన పరిష్కారాలు. అవి అక్కర్లేదని కాదు, కావాలి, ఈ రంగంలో ఉండాలనుకుంటే తప్పకుండా కావాలి. కానీ వాటిని నేర్చుకోవడానికి కావలసిన సరంజామా నీ దగ్గర ఇప్పటికే ఉంది. ఆ చాంతాడంత ఫంక్షనే.

ముందు ఈ 23 అనే అంకె సంగతి. 1994లో ఎరిక్ గామా, రిచర్డ్ హెల్మ్, రాల్ఫ్ జాన్సన్, జాన్ వ్లిసిడెస్ అనే నలుగురు కలిసి ఒక పుస్తకం రాశారు. అందులో ఉన్నవి 23. అవేవీ వాళ్లు కూర్చుని కొత్తగా కనిపెట్టినవి కావు, అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాముల్లో మళ్లీ మళ్లీ కనిపించిన పరిష్కారాలను పట్టుకుని పేర్లు పెట్టారు. ఉదాహరణలు సీ ప్లస్ ప్లస్‌లో, స్మాల్‌టాక్‌లో ఉంటాయి. ఆ తర్వాత భాషలు మారాయి. కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ నార్విగ్ 1996లోనే, డైనమిక్ భాషల్లో (వేరియబుల్ రకాన్ని ముందే ప్రకటించనక్కర్లేని లిస్ప్ లాంటివి) ఆ 23లో 16 బాగా తేలికైపోతాయని, కొన్నయితే కనిపించకుండానే పోతాయని చూపించాడు. కాబట్టి అన్నిటినీ ఒకే బరువుతో వరసపెట్టి చదవడంలో అర్థం లేదు.

ఇప్పుడు నీ కోడ్‌కి వద్దాం. రేపు ఆ దుకాణానికి పసుపు కూడా వస్తే ఏం చేస్తావు? మళ్లీ అదే ఫంక్షన్ తెరిచి, మధ్యలో ఇంకో ఎల్స్-ఇఫ్ ఇరికిస్తావు. మిర్చి తరుగు సరిచేయబోతే పత్తి కమీషన్ ఎక్కడో తప్పుతుంది, అది నీకు తెలియదు, రైతు చేతికి పట్టీ వెళ్లాక గొడవ అయినప్పుడు నాన్నకు తెలుస్తుంది. అసలు చిక్కు ఇదీ. దీన్ని విడదీయడం చూడు. ‘లెక్క’ అని ఒక ఇంటర్‌ఫేస్ పెట్టు, అందులో ఒకే ఒక మెథడ్: బరువు, ధర, బస్తాల సంఖ్య ఇస్తే కమీషన్, హమాలీ, దడ్వాయి (తూకం కూలి) ఖర్చులన్నీ పోను రైతుకు ముట్టే మొత్తం తిరిగి ఇవ్వాలి. ‘పత్తి లెక్క’, ‘మిర్చి లెక్క’, ‘మక్కల లెక్క’ అని మూడు క్లాసులు, దేని నియమాలు దాని లోపలే. పట్టీ ప్రింట్ చేసే భాగానికి ఏ పంటో తెలియనవసరం లేదు, చేతికిచ్చిన లెక్కను పిలుస్తుంది, అంతే. పంట పేరు చూసి సరైన లెక్కను తీసిచ్చే పని ఒక్కచోటే ఉంటుంది. పసుపు వచ్చిన రోజు ఒక కొత్త క్లాసు రాసి, ఆ ఒక్కచోట ఒక లైన్ కలుపుతావు. పాత మూడింటినీ ముట్టుకోవు.

దీన్నే స్ట్రాటజీ ప్యాటర్న్ అంటారు. లెక్కను ఎంచి ఇచ్చే ఆ ఒక్కచోటు ఫ్యాక్టరీకి చిన్న రూపం. నువ్వు కలెక్షన్స్ సార్ట్‌కి కంపారేటర్ ఇచ్చే ఉంటావు కదా, అదీ స్ట్రాటజీయే. ఇలా పేరు తెలియకుండా వాడేస్తున్నవి ఇంకా ఉన్నాయి. బ్రౌజర్‌లో బరువు పెట్టె మారగానే మొత్తం మారాలని యాడ్ ఈవెంట్ లిజనర్ రాస్తావే, ఆ ఆలోచనే అబ్జర్వర్. ఇన్‌పుట్ స్ట్రీమ్ రీడర్‌ను బఫర్డ్ రీడర్‌లో చుట్టడం డెకరేటర్, పాతదాన్ని మార్చకుండా దానికి కొత్త సామర్థ్యం తొడగడమన్నమాట. రైతుకు ఎస్ఎంఎస్ పంపే సర్వీస్‌ను నేరుగా పిలవకుండా నీ సొంత క్లాసులో చుట్టి పెట్టుకుంటే అడాప్టర్, రేపు కంపెనీ మారినా యాప్ మిగతా భాగం కదలదు. ఫ్రెషర్‌కి ఈ ఐదు గట్టిగా వస్తే చాలు, వీటికి సింగిల్టన్ (ఒక క్లాసుకు ఒకే ఒక ఆబ్జెక్ట్ ఉండేలా చూడటం) ఒక్కటి కలుపుకో. ఇంటర్వ్యూల్లో దాన్ని తెగ అడుగుతారు. రాయడం ఎలాగూ వస్తుంది, రెండు థ్రెడ్లు (ప్రోగ్రాములో పక్కపక్కనే నడిచే పనులు) ఒకేసారి వస్తే ఏమవుతుందో, దానివల్ల టెస్టులు రాయడం ఎందుకు కష్టమవుతుందో కూడా చెప్పగలగాలి.

ఇంకో మాట. రెండు ఇఫ్‌లతో తేలిపోయే చోట ప్యాటర్న్ పెట్టకు. నేర్చుకున్న ఉత్సాహంలో పది లైన్ల పనికి ఆరు క్లాసులు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ కోడ్ చదవడం ఇఫ్-ఎల్స్ కంటే నరకం.

ఇంటర్వ్యూ టెన్షన్ గురించి. పెద్ద సర్వీస్ కంపెనీల ఫ్రెషర్ నియామకాల్లో ముందు దాటాల్సింది ఆప్టిట్యూడ్, కోడింగ్ పరీక్ష, ఆ తర్వాత ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ భాష), ఊప్స్ (ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్) ప్రశ్నలు. ప్యాటర్న్‌లు అడిగినా ఒకటో రెండో. ప్రొడక్ట్ కంపెనీల్లో డిజైన్ రౌండ్ ఉంటే పార్కింగ్ లాట్ డిజైన్ చేయమంటారు, మధ్యలో ఒక కొత్త షరతు కలుపుతారు, అప్పుడు నీ క్లాసుల్లో ఎన్ని మార్చాల్సి వస్తోందో చూస్తారు. పేరు చెప్పడం వాళ్లకు ముఖ్యం కాదు. నిర్వచనం గడగడా అప్పజెప్పి, ‘నీ ప్రాజెక్ట్‌లో ఎక్కడ వాడావు’ అనగానే నీళ్లు నమిలే పిల్లల్ని చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే వాళ్లలో చాలామందికి తెలివి లేక కాదు, ఎవరూ వాళ్లతో ఒక సొంత కోడ్‌ను విప్పించలేదు. నువ్వలా కావొద్దు. ఇప్పుడున్న ఇఫ్-ఎల్స్ రూపాన్ని గిట్‌లో (కోడ్ మార్పులను దాచే సాధనం) ఒక కమిట్‌గా, అంటే దాచిన ఒక దశగా, అలాగే ఉంచు, మార్చినదాన్ని వేరే కమిట్‌గా పెట్టు. అడిగినప్పుడు రెండూ తెరిచి చూపించు. రెజ్యూమెలో ‘డిజైన్ ప్యాటర్న్‌లు తెలుసు’ అని రాయకు, ‘పంటల వారీ లెక్కలను స్ట్రాటజీతో విడదీశాను’ అని రాయి.

పాఠాలు కావాలంటే ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటెల్‌లో ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ డిజైన్ మీద ఉచితంగానే ఉన్నాయి, సర్టిఫికెట్ పరీక్ష రాస్తేనే ఫీజు.

మార్చడం మొదలుపెట్టే ముందు ఒక పని చెయ్యి. నాన్న దగ్గర పోయిన సీజన్ తక్‌పట్టీల నకళ్లు ఉంటాయి. పంటకు కొన్ని చొప్పున తీసుకో. ఒక్కో పట్టీలోని బరువు, ధర, బస్తాలు ఇన్‌పుట్, కింద రాసిన మొత్తం జవాబు, అలా ఒక్కోదాన్ని ఒక్కో జేయూనిట్ (జావా కోడ్‌ను తనంతట తానే పరీక్షించే సాధనం) టెస్ట్‌గా రాయి. అవన్నీ నీ పాత ఫంక్షన్‌తో పాసయ్యాకే, అదీ పైసలతో సహా సరిపోయాకే, క్లాసులు విడదీయి. ఏదైనా పట్టీ కలవకపోతే వెంటనే కోడ్ మార్చకు, ఆ కోత ఎందుకు పడిందో ముందు నాన్నను అడుగు. ఆ నియమాలు ఆయనకు తెలిసినంత నీకూ నాకూ తెలియవు. మిర్చితో మొదలుపెట్టు.