ఉచ్చలో ఉన్నాడని గురువుకే పెద్దపీట వేయకండి

మీరు అడిగింది: "కర్కాటక లగ్నం, పుష్యమి నక్షత్రం, లగ్నంలోనే ఉచ్చ గురువు. నా జాతకాన్ని నడిపించేది గురువేనా? పుష్యరాగం పెట్టుకోవాల్నా?"

గురువు కాదండీ, కుజుడు. (లగ్నమంటే పుట్టిన వేళ తూర్పున ఉదయించే రాశి, అదే ఒకటో ఇల్లు; ఉచ్చ అంటే గ్రహానికి బాగా బలమొచ్చే రాశి.) మీ చక్రంలో ఆయన మేషంలో 6 డిగ్రీల మీద, పదో ఇంట్లో కూర్చున్నాడు. మన దిక్కు కుజుడనంగనే పెళ్లి దోషం తప్ప ఇంకోటి యాదికి రాదు, అందుకే ఎవరూ ఆయన్ని పట్టించుకోలేదు.

షడ్బలం (గ్రహబలాన్ని ఆరు తీర్ల కొలిచే లెక్క) పట్టికలో గురువుకు 7.1 రూపలు (ఆ బలానికి కొలత), కుజుడికి 6.6 ఉన్నయి. పెద్ద అంకె చూసి గురువు అనేస్తరు, తప్పు అక్కడ్నే. ఒక్కో గ్రహానికి ఉండాల్సిన కనీస బలం ఒక్కో తీరు: రవికి, గురువుకు 6.5, చంద్రుడికి 6, బుధుడికి 7, శుక్రుడికి 5.5, కుజుడికి, శనికి 5. వచ్చినదాన్ని ఈ అంకెతో భాగించాలి. గురువుకు 1.09 వస్తది, కుజుడికి 1.32. పోలిక ఈ నిష్పత్తులతోనే పెట్టాలి. రాహుకేతువులకు షడ్బలం లేదు, వాళ్లున్న రాశ్యధిపతిని చూసుకోవాలి.

బలం తేలినంక ఆధిపత్యం. కర్కాటకానికి కుజుడు 5, 10 స్థానాల అధిపతి, యోగకారకుడు, అంటే ఈ లగ్నానికి బాగా మేలు చేసే గ్రహం. పైగా మూలత్రికోణంలో (తనకు గట్టి బలమిచ్చే రాశి భాగంలో) ఉన్నాడు, పదింట దిగ్బలం (ఉన్న దిక్కును బట్టి వచ్చే బలం) ఉంది, నాలుగో చూపు నేరుగా లగ్నం మీద, అక్కడున్న చంద్రగురువుల మీద పడుతది (పుష్యమి కర్కాటకంలోదే కాబట్టి చంద్రుడూ అక్కడే). గురువుకు లగ్నంలో దిగ్బలం ఉన్న మాట నిజమే, కానీ 9తో పాటు అప్పులు, తగాదాల ఆరో ఇల్లు కూడా ఆయనదే. నవాంశ (రాశిని తొమ్మిది భాగాలు చేసి వేసే చక్రం) కూడా తప్పక చూడాలి. ఇదే కుజుడు 11 డిగ్రీల్లో ఉంటే నవాంశలో కర్కాటకంలో పడి నీచ (బలం పోయే స్థితి) అయ్యేవాడు, అప్పుడు నేను ఇంత గట్టిగ చెప్పకపోదును.

ఇక దశలు, అంటే ఒక్కో గ్రహం వంతుకు వచ్చే ఏండ్లు. పుట్టినప్పుడు శని దశ 10 ఏండ్లు మిగిలిందన్నరు కాబట్టి కుజ మహాదశ 70వ ఏట గానీ రాదు. అందాక ఆయన అంతర్దశల్లోనే (వేరే గ్రహాల దశల్లో వచ్చే చిన్న దశల్లో) పలుకుతడు, ముఖ్యంగా రెండిట్ల: బుధ దశలో పద్దెనిమిదిన్నర ఏండ్లప్పుడు 11 నెలల 27 రోజులు, శుక్ర దశలో 40 నిండినంక 14 నెలలు. చదువు, కొలువు, భూమి వ్యవహారాల్లో ఆ రెండు కాలాల్లో ఏం జరిగిందో రాసుకోండి. శుక్ర దశలోనే గురు అంతర్దశ 44 దాటినంక మొదలై 2 ఏండ్ల 8 నెలలు ఉంటది, దాన్నీ పక్కన పెట్టి చూడండి.

ఇదంతా పుట్టిన సమయం నిజమైతేనే. లగ్నం సుమారు 4 నిమిషాలకో డిగ్రీ కదులుతది. "పసులొచ్చే యాళ్ల పుట్టిండు" అంటే లగ్నమే మారిపోవచ్చు, దిగ్బలం, కాలబలం (పుట్టిన వేళను బట్టి వచ్చే బలం) లెక్కకు రావు. అట్లాంటప్పుడు చంద్ర లగ్నం (చంద్రుడున్న రాశినే లగ్నమనుకోవడం) పట్టుకోవడమే మేలు. బడిలో సార్లు వేసిన తేదీతో జాతకం అసలే వేయొద్దు. ఊరు కూడా సరిగ్గ ఇవ్వాలి. నల్లగొండకు, మహబూబ్‌నగర్‌కు స్థానిక కాలంలో దాదాపు 5 నిమిషాల తేడా ఉంది, లగ్నం సంధిలో (రెండు రాశుల హద్దులో) ఉంటే రాశి మారడానికి అది చాలు.

పుష్యరాగం ఇప్పుడే కొనకండి. ఆరో అధిపతి కూడా అయిన గ్రహానికి, ఇప్పటికే ఉచ్చలో ఉన్నదానికి, ఇంకా బలమెందుకు? షడ్బలం వేయకుండ రాయి చెప్పేవాళ్లను నిష్పత్తి ఎంతో అడగండి.