ఆయిలు ‘తాగే’ ఇంజను, ఆయిలు ‘తరిగిన’ ఇంజను

సందేహం: కార్లు సర్వీసు చేసే చోట పనిచేస్తున్నాను. బండి తెచ్చినవారికి ఇచ్చే కాగితం మీద ‘ఆయిల్ మార్పుల మధ్య ఇంజన్ ఆయిల్ వినియోగం’ అని అచ్చు వేయించాము. ఒక ఉపాధ్యాయులు అది చూసి, ఇది తెలుగు కాదు అన్నారు. మా మెకానిక్కులేమో ‘ఇంజను ఆయిలు తాగతా ఉండాది’ అంటారు. ఆ మాట రాతలో మొరటుగా ఉంటుందని జంకుతున్నాను. ఏది రాయాలి? ఆయిల్ అనాలా, నూనె అనాలా, చమురు అనాలా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

సమాధానం: ఆ ఉపాధ్యాయుల అభ్యంతరం సరైనదే. అయితే ‘వినియోగం’ సంస్కృతపదం కావడం ఇక్కడ దోషం కాదు, అర్థం పొసగకపోవడమే దోషం. ఒక వస్తువును ఒక పనికి పెట్టి వాడుకోవడం వినియోగం. పెట్రోలు కాలి బండిని నడిపించడానికే ఉంది కనుక ‘ఇంధన వినియోగం’ అనడంలో ఏ తప్పూ లేదు. ఇంజను ఆయిలు సంగతి వేరు. అది తిరిగే ముక్కల నడుమ పొరలా నిలిచి, రాపిడిని అణచి, వేడిని మోసుకుని, మళ్ళీ అడుగునున్న సంపులోకి దిగిపోవాలి. వెళ్ళినదంతా తిరిగి రావాలన్నదే దాని ధర్మం, కానీ ఎంత మంచి ఇంజనులోనైనా కొంత తిరిగి రాదు. పిస్టను రింగులను దాటి పైకి ఎక్కినదీ, వాల్వుల సందుల్లోంచి జారినదీ, వేడికి ఆవిరై గాలి గొట్టం గుండా లోపలికి చేరినదీ పెట్రోలుతో పాటు కాలిపోతుంది. ఆ పోయినదాన్ని ఎవరూ ఏ పనికీ వినియోగించలేదు. అది పోయింది, అంతే.

అలా పోయేదానికి మన దగ్గర పేరు ఉంది: తరుగు. కంసాలి దగ్గర నగ చేయించినవారికి ఈ మాట కొత్త కాదు. మజూరీ వేరు, తరుగు వేరు. బంగారాన్ని కరిగించి, సాగదీసి, ఆకురాయి పట్టేటప్పుడు పొడిగా రాలిపోయే భాగం తరుగు. మీ చిత్తూరులోనే బెల్లం మండీకి వెళ్ళినా, మామిడి కాలంలో తోతాపురి కాయలు తూచే చోట నిలబడినా, తరుగు ఎంత తీయాలి అన్న వాదన చెవిన పడుతుంది. ఈ పదంలో నాకు ఎంతో విలువైనదిగా తోచేది ఒకటుంది. తరుగు అన్నప్పుడు, కొంత పోవడం సహజమని ఇరుపక్షాలూ ముందే ఒప్పుకున్నట్టు. ఆ ఒప్పుకున్న హద్దు దాటితేనే తగాదా. ఇంజను విషయంలోనూ వ్యవహారం సరిగ్గా ఇలాగే నడుస్తోంది. కొన్ని కార్ల కంపెనీలు తమ పుస్తకాల్లో 1,000 కిలోమీటర్లకు అర లీటరు, మరికొన్ని లీటరు వరకు తగ్గినా దోషం కాదని రాసుకున్నాయి. బాగున్న ఇంజను అందులో చిన్న వంతు కూడా పోగొట్టదు, నిజమే. కానీ ఆ హద్దు ఎంత ఉదారమైనదో లెక్క వేసి చూడండి. చిన్న పెట్రోలు కారులో పట్టే ఆయిలు మొత్తం మూడు నుంచి నాలుగు లీటర్లు. 1,000 కిలోమీటర్లకు అర లీటరు చొప్పున పోతే, 10,000 కిలోమీటర్ల సర్వీసు నాటికి పోయేది ఐదు లీటర్లు, అంటే బండిలో పోసినదానికంటే ఎక్కువ. నడుమ పోసుకోకపోతే ఆ బండి సర్వీసుకు చేరేలోగానే ఇంజను పట్టేస్తుంది. ‘వినియోగం’ అని రాస్తే చదివినవారికి ఈ హెచ్చరిక అందదు. ‘తరుగు’ అంటే ఆయిలు మట్టం చూపే గేజి కడ్డీ తీసి చూసుకోవాలన్న తలంపు తానుగా వస్తుంది.

ఇక ‘తాగడం’. ఇది మొరటు మాట అని ఎవరన్నారో గాని, నేను ఒప్పుకోను. వరి నీళ్ళు ఎక్కువ తాగే పంట అని వ్యవసాయ శాస్త్రం చదివినవారూ అంటారు. గుత్తొంకాయ నూనె తాగుతుందని ప్రతి వంటింట్లోనూ అంటారు. ప్రాణం లేనివాటికి ఈ క్రియను వాడడం తెలుగులో అలవాటైన పద్ధతే. పైగా మెకానిక్కులు దీన్ని మనకంటే జాగ్రత్తగా వాడతారు. నా పాత పెట్రోలు కారును తిరుపతిలో, రేణిగుంట రోడ్డు మీది ఒక షెడ్డుకు తీసుకువెళ్ళి ‘ఆయిలు తరుగుతోంది’ అన్నప్పుడు, ఆ పెద్దాయన అడిగిన మొదటి మాట: ‘కారతా ఉండాదా సార్, తాగతా ఉండాదా?’ కడ్డీ లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ దించి తీసి, రెండు గీతల్లో కింది గీతకు కాస్త ఎగువన ఆగిన ఆయిలు అంచును వేలితో చూపించారు. చాలా బండ్లలో ఆ రెండు గీతల నడుమ ఉన్నది దాదాపు ఒక లీటరు. రాత్రి కారు కింద అట్టముక్క పరచమన్నారు. తెల్లవారి చూస్తే అట్ట మీద ఒక్క చుక్క లేదు. అప్పుడు ఇంకో పరీక్ష చెప్పారు. తిరుమల నుంచి దిగేటప్పుడు గేరులోనే ఉంచి యాక్సిలరేటరు మీద కాలు తీసి రావాలి, అలిపిరి దాటాక ఒక్కసారి తొక్కి అద్దంలో చూడాలి. అన్ని మలుపులూ దిగి వచ్చి తొక్కగానే వెనక నీలం పొగ లేచింది. యాక్సిలరేటరు వదిలి దిగేటప్పుడు గాలి దారి మూసుకుని లోపల వెలితి ఏర్పడుతుంది. వాల్వుల దగ్గర ఆయిలును ఆపే సీళ్ళు గట్టిపడిపోయి ఉంటే ఆ వెలితి ఆయిలును లోపలికి లాక్కుంటుంది. తొక్కినప్పుడు అది కాలి నీలంగా బయటికి వస్తుంది. సంగతి చెప్పగానే ఆయన, ‘అయితే తాగతా ఉండాది’ అని తేల్చారు.

మూడు క్రియల తేడాను ఆ షెడ్డులోనే నేను స్పష్టంగా విన్నాను. కారడం అంటే ఆయిలు బయటికి పోవడం. తాగడం అంటే లోపలికే పోవడం. తరగడం ఏ దారీ చెప్పదు, కడ్డీ మీద కనిపించినదాన్ని మాత్రమే చెబుతుంది. అందువల్ల కారణం తేలకముందే కాగితం మీద ‘తాగుతోంది’ అని రాయడం తొందరపాటు. మొరటుతనం కాదు గాని, పరీక్షకు ముందే తీర్పు చెప్పడం అవుతుంది. కారణం తేలాక నిస్సంకోచంగా రాయండి.

ఒక చిన్న జాగ్రత్త. బి.ఎస్.6 (భారత్ స్టేజ్ 6 అనే పొగ నిబంధన) డీజిలు బండ్లలో, పొగగొట్టంలోని మసి జల్లెడను కాల్చి శుభ్రం చేసుకునే వేళ కొంత డీజిలు ఆయిలులోకి దిగి, మట్టం పెరగవచ్చు. అలాంటప్పుడు కడ్డీ మీద తరుగు కనిపించకపోయినా ఆయిలు బాగున్నట్టు కాదు. దాన్ని ‘పలచబడింది’ అనాలి.

ఆయిలు అనాలా, నూనె అనాలా అన్న ప్రశ్నకు వస్తే, నువ్వుల నెయ్యే నూనె. మీ ఊళ్ళో తమిళులు అనే ‘ఎణ్ణెయ్’ కూడా ఎళ్ళు (నువ్వులు), నెయ్ కలిసి ఏర్పడినదే. తైలం సైతం నువ్వుకు సంస్కృతంలో పేరైన తిల నుంచే పుట్టింది. నువ్వులతో పుట్టిన మాటే అయినా చెనిక్కాయలకూ కొబ్బరికీ పాకింది కదా, ఇంజనుకు ఎందుకు పాకకూడదు అని అడగవచ్చు. వ్యాకరణం అడ్డు చెప్పదు, కానీ వాడుక అక్కడికి వెళ్ళలేదు. నూనె వంటింట్లోనూ తల మీదా నిలిచింది. చమురును పత్రికలు ముడి చమురుకూ ధరల వార్తలకూ కేటాయించుకున్నాయి. పనిని బట్టి చూస్తే అన్నిటికంటే దగ్గరి మాట కందెన. ఎద్దుబండి ఇరుసుకు ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి పూసేది కందెన. ‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అన్న సామెత ఇంజనుకు అక్షరాలా వర్తిస్తుంది. పాఠ్యపుస్తకంలో కందెన అనే రాయాలని నా కోరిక. కాని మీ కాగితం చదివేవారు అంగడికి వెళ్ళి అడిగి కొనేది ఆయిలే. కిరసనాయిలును మింగి అరిగించుకున్న భాషకు ఇంజనాయిలు బరువు కాదు.

చివరగా, పదాలకంటే వాక్యం కట్టుబడి ముఖ్యం. ‘ఆయిల్ మార్పుల మధ్య ఇంజన్ ఆయిల్ వినియోగం’ అన్నదానిలో ఒక్క క్రియ లేదు, నామవాచకాలు బస్తాల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. తెలుగు క్రియతో నడిచే భాష. మీ కాగితం మీద ఇలా వేయించండి: ‘ఆయిలు మార్చిన తరువాత మళ్ళీ మార్చేలోగా ఎంత తరిగింది? ఎన్ని కిలోమీటర్లకు? నడుమ ఎంత పోశారు?’

దాని కిందనే ఇంకో వరుస చేర్చండి: ‘బండి కింద కారిన మరక ఉందా? తొక్కినప్పుడు నీలం పొగ వస్తోందా?’