షేక్‌స్పియర్ నాటకం ‘మాక్‌బెత్’లో మాక్‌డఫ్ పుట్టుక రహస్యం డ్రమటిక్ ఐరనీయేనా?

కాదు, అది చివర్లో బయటపడే మలుపు. డ్రమటిక్ ఐరనీ అనాలంటే విషయం ప్రేక్షకుడికి ముందే తెలిసి ఉండాలి, స్టేజీ మీది పాత్రకు తెలియకూడదు. స్త్రీకి పుట్టినవాడెవడూ తనను ఏమీ చేయలేడని మంత్రగత్తెల దగ్గర విన్న జోస్యాన్ని నమ్ముకున్న మాక్‌బెత్‌ను చివరికి చంపేది మాక్‌డఫే. అతన్ని తల్లి కడుపు కోసి తీశారన్న సంగతి 5వ అంకం 8వ రంగం దాకా మాక్‌బెత్‌కే కాదు, హైదరాబాద్ రవీంద్రభారతిలో మొదటి వరసలో కూర్చుని చూసేవాడికీ తెలియదు.

అసలైన ఉదాహరణ 1వ అంకం 6వ రంగం. రాజు డంకన్ మాక్‌బెత్ కోట ముందు నిలబడి చోటు బాగుంది, గాలి హాయిగా ఉంది అంటాడు. పక్కనున్న సేనాని బాంకో గోడలకు పిట్టలు కట్టుకున్న గూళ్లు చూపిస్తాడు. ఆ రాత్రికే రాజును చంపించాలని మాక్‌బెత్ భార్య లేడీ మాక్‌బెత్ తేల్చుకోవడం మనం ముందు రంగంలోనే విన్నాం. మర్యాదగా ఎదురొచ్చి లోపలికి పిలిచేదీ ఆవిడే!

ఊహించనిది జరిగితే చాలు, డ్రమటిక్ ఐరనీ అని పరీక్షల్లో రాసేస్తుంటారు. మనం కూడా ఊహించలేదంటే అది కాదన్నట్టే. బిర్నం అడవి కదిలి రావడం మాత్రం అవుతుంది. ఆ అడవి తన కోట మీదికి కదిలి వచ్చేదాకా ఓటమి లేదన్నది మాక్‌బెత్ నమ్ముకున్న ఇంకో జోస్యం. కొమ్మలు నరికి అడ్డుపెట్టుకోమని డంకన్ కొడుకు మాల్కం సైనికులకు చెప్పడం 5వ అంకం 4వ రంగంలో చూసేశాం. తర్వాతి రంగంలో వేగు వచ్చి చెప్పేదాకా మాక్‌బెత్ ధీమాగానే ఉంటాడు.